ఏలిముద్ర

ఒకనాడు పొద్దుట, కాశీబుగ్గలో మా జీడి బట్టీకాడికి
గోనిసంచి బుజానేసుకుని ఒచ్చినాడు తారకేసు.
తొక్కలు కొనీవోడనుకున్నాం.
తొక్కకి రేటుంది మా ఊర్లో,
నూనెమిల్లోళ్ళు తూకమేసి పట్టుకుపోతారు.
"తొక్కలు కొన్నే సాలు," అన్నాడు.
మరేటి కావాలి?
"మీరు సేతులు తుడిసీసిన గుడ్డలు."

ఓలమ్మ! నవ్వీసినాం.
దమయంతప్ప అయితే కూకున్న పీటమీంచి జారిపోయింది.
మసిగుడ్డలు, బూడిద సట్టి,
తొక్కి తొక్కి ఒకపక్కకి అరిగిపోయిన కటింగు మిషను పెడలు,
పాతికేళ్ళు నా బరువు మోసి మద్దెన గుంటడిపోయిన పీట,
అన్నీ దేవుడి సామాన్నాగ సుట్టి పట్టుకెళ్ళినాడు.
పీటకి మాత్తరం డబ్బులడిగినాను. నూట ఏబై.
బేరమాడకుండా ఇచ్చీసినాడు.
అప్పుడనిపించింది, రెండొందలు అనాల్సింది.

బొమ్మలు సేస్తాడంట.
బొమ్మంటే మాకు తెలుసును:
రోడ్డు మలుపులో సిమెంటు మనిషి, ఏలు సూపిస్తా ఉంటాడు,
మెళ్ళో ఎండిపోయిన దండ.
నేదంటే తొమ్మిదో నాడు ఏట్లో కలిపీసీ వినాయకుడు.

హైస్కూలు హాల్లో పెట్టినాడంటే
ఆదివారం నలుగురం ఆటోలో ఎళ్ళినాం.
తలుపు దాటకముందే కాల్సిన పిక్క వాసన.
సెలవునాడు కూడా పని ఎదురొచ్చినట్టయింది.
లోపల సెయ్యి. ఒక్క సెయ్యే.
మనిషంత ఎత్తు, పీట మీద నిలబెట్టి.
నా పీటే. గుంట పోల్చుకున్నాను.
మణికట్టు కాణ్ణించి తొక్కలే, ఒకదాని మీదొకటి
సేప పొలుసుల్నాగ, నల్లగ.
మడతలకాడ మసిగుడ్డలు.
ఎనక పెడలు కడితే ఎముకయింది.
అన్నీ మాం పారేసినవే.
ఏళ్ళ కొసలకొచ్చీసరికి మాత్తరం
ఏటీ అంటించనేదు. ఉత్త సుద్ద.
నున్నగ, తెల్లగ,
గీత నేదు, సుడి నేదు.

పక్కనున్న టీచరుగారు అడిగినారు,
"ఇదింకా పూర్తి కాలేదా?"
దమయంతప్ప ఈసారి నవ్వనేదు.
సెయ్యి కొంగులో దాసీసింది.

నాకు రేసన్ డిపో గుర్తొచ్చింది.
మిషను మీద బొటనేలు పెడితే ఎర్రలైటు.
"తుడుసుకుని పెట్టమ్మా." ఎర్రలైటు.
"ఇంకో ఏలు." ఎర్రలైటు.
ఎనక లైనులోళ్ళు గొణుగుడు.
పేరుంది, కార్డుంది, ఫొటోలో మొకముంది,
నాను నానే అని సెప్పడానికి నా సెయ్యే నేదు.
గుండుకింత, బద్దకింత అని కూలి కట్టించుకుంటానే
జీడిరసం తినీసింది.

ఇదంతా ఆడికి ఎవులు సెప్పినారో.
నానైతే సెప్పనేదు.

షావుకారు కూడా ఒచ్చినాడు. సుట్టూ తిరిగినాడు.
"మా బట్టీ తొక్కలే," అని పదిమందికి సూపించుకున్నాడు.
కొసల దాకా సూడనేదు కావాల.

అందరూ ఎళ్ళిపోయినాక,
బొమ్మ పక్కన మాకు ఫొటో తీస్తానని తారకేసు ఫోను తీసినాడు.
బొటనేలు పెట్టినాడు. తెరుసుకోనేదు.
ప్యాంటుకి తుడుసుకుని మళ్ళీ పెట్టినాడు.
నేదు.
నాలుగు నెల్లు తొక్కలంటించిన సెయ్యి,
పొక్కులెక్కి, తోలూడి, మా సేతుల్నాగే.
సిగ్గుపడినట్టు నా యేపు సూసినాడు.
ముందు నాను నవ్వీసినాను. తరవాత ఆడూను.

బొమ్మ బాగుందని ఎలగ సెప్పాలో నాకు రాదు.
"పిక్క ముట్టీ ముందు బూడిద రాసుకోవాల బావూ," అన్నాను,
"రాత్రికి ఆముదం.
మా సట్టి నువ్వే పట్టుకొచ్చీసినావు గదా."